ఆ డ్యాష్‌బోర్డు మీద నిజం చెక్క అతికించకండయ్యా

మొన్న మా ఫ్రెండ్స్ గ్రూపులో ఫాసెల్ వేగా అనే పాత ఫ్రెంచి కారు ఫోటో పెట్టా. 1959 నాటి హెచ్‌కే500 మోడల్, ముదురు నీలం, మొత్తం విప్పి మళ్లీ కట్టిన బండి. ఐదు నిమిషాల్లో ఒకడు "అబ్బ ఆ చెక్క డ్యాష్‌బోర్డు చూడరా" అన్నాడు. అది చెక్క కాదు మావా, ఇనప రేకు, పైన చేత్తో చెక్కలా పెయింట్ వేశారు అని చెప్పా. ఇంక అక్కణ్ణుంచి మొదలు. అంత డబ్బు పోసి డూప్లికేట్ చెక్కా అని ఒకడు, ఇంజను కూడా అమెరికావాళ్లదేనంట కదా ఇంకేం ఫ్రెంచి కారు అని ఇంకొకడు. గ్రూపులో గొడవెందుకులే అని ఊరుకున్నా గానీ మనసు ఊరుకోలేదు, రెండ్రోజుల్నుంచి అదే తొలుస్తోంది. అందుకే ఇక్కడ రాస్తున్నా, పెద్ద పోస్టే, ఓపికుంటే చదవండి.

ముందు ఇంజను సంగతి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఫ్రాన్స్‌లో పెద్ద ఇంజను బండ్ల మీద పన్నులు బాదేశారు. యుద్ధానికి ముందు రాజాలా బతికిన డెలాహే, డెలాజ్, బుగాటీ, టాల్బో లాంటి ఫ్రెంచి కార్ల కంపెనీలు ఒకటొకటిగా చితికిపోయాయి. పెద్ద కారు కట్టేవాళ్లు కరువైన ఆ టైములో జాఁ డానినోస్ అనే ఆయన దిగాడు. ఆయన ఫాసెల్ కంపెనీ అప్పటికి చేసేది విమానాలకి భాగాలు, స్టెయిన్‌లెస్ స్టీలు సామాను, సిమ్కా, పానార్ లాంటి కార్ల కంపెనీలకి బాడీలు. అంటే రేకు వంచడంలో వాళ్లని కొట్టేవాడు లేడు, ఇంజను మాత్రం వాళ్ల పని కాదు. 1954లో సొంత పేరు మీద బండి తెచ్చినప్పుడు చేతగాని పనికి పోకుండా అమెరికా కంపెనీ క్రైస్లర్ నుంచి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, తెప్పించుకున్నాడు. హెచ్‌కే500 వచ్చేసరికి అది 5.9 లీటర్లు, ఆ తర్వాత 6.3. నలుగురు కూర్చుని, సామానేసుకుని, గంటకి 200 కిలోమీటర్లు దాటి పోగలిగే బండి, అదీ 1950ల్లో.

బండికి పెట్టిన వేగా పేరు నక్షత్రానిది, మనం అభిజిత్ అనేది దాన్నే. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

ఫ్రెంచి ఇంజను కావాలి ఫ్రెంచి ఇంజను కావాలి అనేవాళ్లకి ఒకటే చెప్తా. ఆ ముచ్చట కూడా తీర్చాడు డానినోస్. 1959లో ఫాసెలియా అని చిన్న బండి, 1.6 లీటర్ల ఇంజను, అచ్చంగా ఫ్రాన్స్‌లో తయారు. పిస్టన్లు కాలిపోయాయి. కొన్నవాళ్లు బండ్లు తెచ్చి గుమ్మం ముందు పెట్టారు, వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి కంపెనీ అప్పులపాలైంది, తర్వాత వోల్వో ఇంజను పెట్టి చూశారు గానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది, 1964లో మూతపడింది. అరువు ఇంజను నిలబెట్టిన కంపెనీని సొంత ఇంజను ముంచేసింది. తెలిసి మాట్లాడండి.

ఇంక పెయింట్ దగ్గరికొస్తా, అసలు నా కడుపుమంట అదే.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో పెయింటరు. లారీ బాడీలే ఎక్కువ, కానీ పెళ్లిళ్ల సీజన్లో సారె బీరువాలు వచ్చేవి. ఇనప బీరువాకి చెక్క డిజైన్ కావాలని అడిగేవాళ్లు. లప్పం పెట్టి, నీళ్ల పేపర్ పట్టి, అడుగున లేత పసుపు రంగు ఒక కోటింగు. అది ఆరాక పైన బ్రౌన్ రంగు పల్చగా కలిపి పూసి, తడి ఆరేలోపు పని మొత్తం అయిపోవాలి. పళ్లు విరిగిన దువ్వెన, అమ్మ పాత చీరముక్క, కోడి ఈక, ఇవే సామాను. దువ్వెనతో ఒక్క లాగుడు లాగితే చార, ఈకతో తిప్పితే సుడి, బొటనవేలు ఆనించి కొంచెం తిప్పితే ముడి. మధ్యలో ఆగితే అతుకు కనపడుతుంది, తుడిచేసి మళ్లీ మొదట్నుంచి. ఒక తలుపు అయ్యేదాకా మాట్లాడించినా పలికేవాడు కాదు. చివర్లో వార్నిష్ వేశాక దగ్గరికెళ్లి గోరుతో కొడితే టంగుమని మోగేది, అప్పుడుగానీ ఇనుమని తెలిసేది కాదు. దాన్ని డూప్లికేట్ అంటారా? చెక్క బీరువాకి చెక్క చెట్టు ఇచ్చింది, ఈ బీరువాకి మా నాన్న చెయ్యి ఇచ్చింది.

ఫాసెల్ వేగా డ్యాష్‌బోర్డు సరిగ్గా అదే పని, ఇంకా చాలా పైస్థాయిలో. విమానం కాక్‌పిట్ లాగా గుండ్రటి మీటర్లు, మధ్యలో కిందికి దిగే కన్సోలు, దాని మీద లివర్లు, ఆ వంపులన్నిటి మీదా వాల్‌నట్ చెక్క ముడులు సుళ్లు బ్రష్షుతో గీసినవి. ఏ రెండు బండ్లకీ ఒకేలా ఉండదు, ఉండే వీల్లేదు కూడా, మనిషి గీసింది కదా. హెచ్‌కే500లు చేసిందే 490 దాకా, అంటే లోకంలో ఈ మోడల్ బొమ్మలు అన్ని మాత్రమే. అందులో తుప్పుకి, యాక్సిడెంట్లకి పోయినవి పోగా మిగిలినవెన్నో మీరే ఆలోచించండి.

అలాంటిది, నేను ఫ్రాన్స్ వచ్చిన కొత్తలో ఒక పాత కార్ల ప్రదర్శనకి వెళ్లి, ఒక వేగా కిటికీలోంచి తొంగిచూస్తే లోపల నిజం చెక్క. పల్చటి వాల్‌నట్ పొర కోసి అతికించి, అద్దంలా పాలిష్ కొట్టారు. వంపు దగ్గర అతుకులు కనపడుతున్నాయి. ఓనరు గర్వంగా చెప్తున్నాడు, ముందుది ఉత్త పెయింటు, మేం అసలైంది వేయించాం అని. అసలైందా! అసలైందాన్ని గీకి పారేసి దాని మీద బజార్లో కొన్నది అంటించి అసలైంది అంటాడేంటి? నాకు ఏడుపొచ్చింది, నిజంగా. 1950ల్లో ఒక పెయింటరు ఊపిరి బిగపట్టి గీసిన గీత అది, మళ్లీ ఎక్కడ దొరుకుద్ది? ఇంజను పార్టంటే అమెరికాలో ఇప్పటికీ దొరుకుతుంది, క్రైస్లర్ కాబట్టి. ఆ చెయ్యి దొరకదు. రీస్టోరేషన్ అంటే ఆ రోజు చేసినవాడు ఏం చేశాడో అది నిలబెట్టడం, వాడికంటే మనకి బాగా తెలుసని దిద్దడం కాదు.

ఇంకో సంగతి. ఫాసెల్ వేగా పేరెత్తితే అందరికీ ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ చనిపోయిన కారుగానే తెలుసు, 1960 జనవరి 4న, చెట్టుకి గుద్దుకుని. నిజమే, ఘోరమే. కానీ పదేళ్లు కష్టపడి బండ్లు కట్టినవాళ్లకి ఆ ఒక్క మధ్యాహ్నమే మిగలడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు నేను గ్రూపులో పెట్టిన ఆ నీలం బండి. మా ఆఫీసులో ఒకాయన మామగారిది. ఓపికున్న మనిషి. డ్యాష్‌బోర్డు కుడిసగం నీళ్లు కారి పెచ్చులూడిపోయింది, ఎడమసగం బాగానే ఉంది. షాపువాళ్లు మొత్తం గీకేసి కొత్తగా వేద్దామంటే ఒప్పుకోలేదాయన. ఎడమది ముట్టుకోవద్దు, కుడిసగం మాత్రం దానికి కలిసేలా గీయించండి అన్నాడు. గుళ్లలో, పాత భవంతుల్లో రంగుపనులు బాగుచేసే ఒకావిడని పట్టుకొచ్చి గీయించారు. నేను వెళ్లినరోజు టార్చి వేసి మూతి ఆనించి వెతికినా అతుకెక్కడో నాకు దొరకలేదు.

అక్కడినుంచే నాన్నకి వీడియో కాల్ చేశా. ఇప్పుడు చేతులు వణుకుతాయి, పని మానేసి ఆరేళ్లయింది. ఫోను నెమ్మదిగా జరుపు, నెమ్మదిగా, అంటూ ఎడమ చివర్నుంచి చూసుకుంటూ వచ్చాడు. స్టీరింగు దాటాక ఆపు అన్నాడు. కొంచెం వెనక్కి రా అన్నాడు.

"ఇక్కడ చెయ్యి మారిందిరా. ఎడమపక్కోడు రోజూ ఇదే పని చేసినోడు, ముడి దగ్గర అస్సలు ఆగలా. కుడిపక్క చేసినోళ్లు బాగా చేశారు గానీ, ప్రతి ముడి దగ్గరా ఒక్క క్షణం ఆగారు."

ఆవిడ పక్కనే నిలబడి ఉంది, ఏమంటున్నారు అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పా. ఆవిడ వంగి, ఆ ముడి మీద వేలు పెట్టి, ఫోనులో ఉన్న మా నాన్న వైపు చూసి అవునన్నట్టు తలూపింది.