తెల్లకోటుకు టార్గెట్లా?

డాక్టర్లకు నెలవారీ ఆదాయ టార్గెట్లు పెడితే తప్పేమిటని కార్పొరేట్ ఆస్పత్రుల యాజమాన్యాలు దబాయిస్తున్నాయి. ఒకప్పుడు గుట్టుగా నడిచిన వ్యవహారానికి ఇప్పుడు 'పనితీరు మదింపు' అని మర్యాదైన పేరు పెట్టారు. స్థలం అడిగేటప్పుడు, పన్ను రాయితీ అడిగేటప్పుడు వైద్యం సేవ. బిల్లు చేతికిచ్చేటప్పుడు అదే వైద్యం పరిశ్రమ. మా అభ్యంతరమంతా ఈ రెండు నాల్కల మీదే.

ఆ మదింపు ఎలా ఉంటుందో చూడండి. ఒక షీటులో వరసగా డాక్టర్ల పేర్లు. ఎన్ని స్కాన్లు రాశారు, ఎన్ని ఆపరేషన్లు చెప్పారు, ఓపీకి వచ్చినవారిలో ఎంతమందిని అడ్మిట్ చేయించారు అన్నవి గడులు. ఈ చివరి గడి పేరు 'కన్వర్షన్'. జ్వరమని వచ్చిన మనిషిని మంచం ఎక్కించడమన్నమాట! మందులు రాసి, ధైర్యం చెప్పి ఇంటికి పంపిన డాక్టర్ ఈ లెక్కలో వెనకబడిన ఉద్యోగి.

ఆస్పత్రి నడవాలంటే డబ్బు కావాలి, యంత్రాలు ఖరీదైనవి, నష్టాలొచ్చి మూతపడితే రోగికి ఒరిగేదేమీ లేదు. నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఖర్చులు రాబట్టుకోవడం వేరు, ఏ పరీక్ష రాయాలో అకౌంట్స్ విభాగం తేల్చడం వేరు.

వైద్యం మామూలు సరుకు కాదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే వివరించారు. తనకేం కావాలో రోగికి తెలియదు, చెప్పాల్సింది డాక్టరే. ఐసీయూ బయట 'వెంటిలేటర్ పెట్టాలి, ఇక్కడ సంతకం చేయండి' అని కాగితం చాపితే ఏ కొడుకు బేరమాడతాడు? చదవకుండానే సంతకం పెడతాడు. ఆ నమ్మకాన్ని రాబడిగా మార్చుకుంటూ, గోడల మీద మాత్రం 'సేవే మా ధ్యేయం' అని రాసుకుంటారు.

లాభం చికిత్స జోలికి రాదన్న హామీకి విలువెంతో ఇప్పటికే తేలింది. అమెరికాలో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు (మదుపర్ల డబ్బుతో కంపెనీలను కొని, లాభానికి అమ్మేవి) కొన్న ఆస్పత్రులపై 2023లో జామా అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. యాజమాన్యం మారాక ఆ ఆస్పత్రుల్లో ఇన్ఫెక్షన్లు, రోగులు జారిపడటం వంటి ఘటనలు, మిగతా ఆస్పత్రులతో పోలిస్తే, సుమారు 25 శాతం పెరిగాయని తేల్చింది. మందుల కంపెనీలూ తక్కువ తినలేదు. ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రకు బానిసలయ్యే ముప్పును తక్కువ చేసి చూపామని పర్డ్యూ గ్రూపు 2007లో నేరం ఒప్పుకుంది. బుద్ధి వచ్చిందా? 2020లో మళ్లీ ఒప్పుకుంది, ఈసారి డాక్టర్లకు ముట్టజెప్పిన ముడుపులతో సహా.

ఇన్సులిన్ కనిపెట్టిన బృందంలో ముగ్గురు 1923లో తమ పేటెంటు హక్కులను టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరుకే రాసిచ్చారు. ఆ త్యాగాన్ని సభల్లో కీర్తించి చప్పట్లు కొట్టించుకోవడానికి ఈ ఆస్పత్రుల పెద్దలకు ఎన్నడూ మొహమాటం లేదు. మర్నాడు షీటు పంచడానికీ లేదు.

వైద్యుల సంఘాలకూ ఒక మాట. ఆస్పత్రులపై దాడులు జరిగితే రోడ్డెక్కుతారు, సబబే. టార్గెట్ల విషయంలో మీ గొంతు ఎందుకు పెగలదు? 'మేం జీతగాళ్లం, ఏం చేయగలం' అనేవారు పట్టా అందుకున్న రోజు చేసిన ప్రమాణం యాజమాన్యం ముందు కాదు.

నియంత్రణ సంస్థలు నోటీసులిచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. ఆదాయ టార్గెట్లను వృత్తిపరమైన నేరంగా ప్రకటించి, పెట్టిన యాజమాన్యం లైసెన్సు మీద చెయ్యి వేయాలి. ఈలోగా ఆస్పత్రులు ఒక పని చేయొచ్చు. ఈ డాక్టర్ జీతంలో ఎంత వాటా రోగి బిల్లు మీద ఆధారపడి ఉందో ఓపీ గది బయట, ఫీజు బోర్డు పక్కనే రాసిపెట్టండి. తప్పేమీ లేదంటున్నారుగా, దాచడమెందుకు?