పని వచ్చినోళ్ళకి ఉద్యోగాలిచ్చేస్తే మరి మా డిగ్రీలేం కావాలి?

రెండ్రోజుల్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదండి. విశాఖలో మా కంచరపాలెం ఐటీఐ జంక్షన్‌లో టీ తాగుతుంటే పక్కన ఎవరో కుర్రాడు అంటున్నాడు, డిగ్రీ లేకపోయినా పని వచ్చినోళ్ళని గవర్నమెంటు ఉద్యోగాల్లోకి తీసుకోవాలంట, అమెరికాలో ఆల్రెడీ మొదలెట్టేశారంట. ఇంటికొచ్చి చూశా, నిజమే. 2022 మార్చిలో మేరీల్యాండ్ రాష్ట్రం వేల ఉద్యోగాలకి డిగ్రీ కండిషన్ ఎత్తేసింది. 2023 జనవరిలో పెన్సిల్వేనియా కొత్త గవర్నర్ షాపిరో అయితే సీట్లో కూర్చోగానే మొదటి ఆర్డరే దాని మీద ఇచ్చాడు, అక్కడ 92 శాతం ఉద్యోగాలు, అంటే దాదాపు 65 వేలు, డిగ్రీ లేకుండానే అప్లై చేసుకోవచ్చంట. మన దగ్గర 2024లో ముఖ్యమంత్రి మొదటి సంతకం మెగా డీఎస్సీ టీచర్ పోస్టుల మీద పెట్టారు, దానికి కనీసం డీఈడీనో బీఈడీనో అడుగుతారు, అదీ పద్ధతంటే.

నేను బీకాం అండి. మూడేళ్ళు చదివా, ఇప్పటికీ డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో అడిగితే కాస్త టైమ్ కావాలి, కానీ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి బీరువాలో పెట్టా. దానికి విలువ లేదంటే ఎలా?

అసలు ఈ ప్రమాదం మన దగ్గర 2019లోనే ఓసారి తొంగిచూసింది, ఎవరూ పట్టించుకోలేదు. గ్రామ, వార్డు సచివాలయాలకి ఎనర్జీ అసిస్టెంట్లని, అంటే కరెంటు పనులు చూసేవాళ్ళని, తీసుకున్నప్పుడు ఐటీఐ చాలన్నారు, పైగా స్తంభం ఎక్కి చూపించమన్నారు, మీటరు చదవమన్నారు, సైకిల్ తొక్కమన్నారు. ఉద్యోగంలో చెయ్యాల్సిన పనిని ఉద్యోగం ఇవ్వకముందే చేసి చూపించమనడం ఎంత అమానుషం చెప్పండి! రేపు ఇదే అలవాటై ఓ పెద్దాఫీసర్ పోస్టుకి "ఇదిగో ఫైలు, ముసలావిడ పెన్షన్ ఎందుకు ఆగిందో అరగంటలో తేల్చండి" అని టెస్ట్ పెడితే ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల గతేంటి, హాస్టళ్ళు, జెరాక్స్ షాపులు, రాత్రి పదకొండింటికి ఎగ్ దోసె వేసే బండ్లు, ఇవన్నీ "శాతవాహనుల రాజధాని ఏది" లాంటి బిట్ల మీద ఆధారపడి బతుకుతున్నాయండి, ఆ సంగతి అమెరికా వాళ్ళకేం తెలుసు.

పని వచ్చినోడు ఎంత డేంజరో నేను కళ్ళారా చూశా. కిందటేడు మా వీధిలో రోడ్డు కింద పైపు పగిలింది. ఓ ఆఫీసు నుంచి, పేరెందుకులెండి, నలుగురొచ్చారు. ఇద్దరు బీటెక్, ఒకాయన ఎంటెక్. ట్యాబ్‌లో మ్యాప్ తీశారు, మ్యాప్‌లో పైపు మా ఎదురింటి వాళ్ళ వంటింట్లోంచి పోతోంది. ఫొటోలు తీశారు, లొకేషన్ పెట్టారు, ఫోన్లు మాట్లాడారు, ఎండ చూసి మా మెట్ల మీద కూర్చున్నారు. నాలుగో ఆయన ఫిట్టర్, అవుట్‌సోర్సింగ్, పదిహేనేళ్ళ సర్వీసు, టెన్త్ ఫెయిల్. ఆయన చెప్పులిప్పి, ఓ ఇనప కడ్డీని రోడ్డు మీద నిలబెట్టి, పై కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఆ ఆటో ఆపండ్రా ఒక్క నిమిషం" అన్నాడు. ఆటో ఆగింది. నాలుగడుగులు జరిగి మళ్ళీ విన్నాడు. మూడో చోట కాలితో గీత గీసి "ఇక్కడ తవ్వండి సార్" అన్నాడు. తవ్వితే సరిగ్గా అక్కడే, జానెడు చీలిక!

నీకెలా తెలిసిందయ్యా అని ఎంటెక్ సార్ అడిగితే ఏమన్నాడో తెలుసా. "సప్పుడు తేడాగుంది సార్. నీల్లు బాగా పోతే ఒకలాగుంటాది, కన్నం పడితే సుయ్యిమంటాది."

సుయ్యి! ఇది ఏ యూనివర్సిటీ సిలబస్‌లో ఉందండీ? ఆ చెవికి మార్కుల లిస్టు ఏది? అందుకే రిపోర్టులో సార్ బాధ్యతగా "శాస్త్రీయ పద్ధతిలో లీకేజీ గుర్తించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. చెవి ఒకళ్ళది, సంతకం ఒకళ్ళది, వ్యవస్థ నడిచేది అలాగే కదా.

అవతల డిగ్రీ మరీ ఎక్కువైనా కష్టమేనంట. 2020లో సుప్రీంకోర్టు ఓ కేసులో, డిగ్రీ ఉందన్న సంగతి దాచి బ్యాంకులో ప్యూన్ ఉద్యోగానికి చేరినాయన అనర్హుడే అని తేల్చేసింది, నోటిఫికేషన్‌లోనే గ్రాడ్యుయేట్లు వద్దని రాశారు మరి. 2018లో రైల్వే గ్రూప్ డి దాదాపు 63 వేల పోస్టులకి కోటీ ఎనభై లక్షలకి పైగా అప్లికేషన్లు వచ్చాయి, అందులో డిగ్రీ ఉన్నోళ్ళు ఎంతమందో మా వీధిలో చూస్తేనే అర్థమైపోద్ది. అంటే డిగ్రీ లేనోడికి పై ఉద్యోగం రాదు, ఉన్నోడు కింద ఉద్యోగానికి ఎగబడతాడు. ఇంత బ్యాలెన్స్‌డ్‌గా ఉన్న సిస్టమ్‌ని ఎందుకండీ కదపడం.

ఒక్క విషయంలో మాత్రం మా విశాఖ జనం కూడా తప్పు చేశాం, ఒప్పుకుంటా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక, ఊరంతా చీకటి, ఫ్రిజ్‌లో చేపలు కంపు కొడుతున్నాయి, అప్పుడు స్తంభం ఎక్కిన వాళ్ళని కిందకి దింపి ఒక్కళ్ళమైనా సర్టిఫికెట్ వెరిఫికేషన్ చెయ్యలేదు. పైగా టీలిచ్చాం.

మొన్న ఆ ఫిట్టర్ ఫోన్ చేశాడు. "బాబూ, ఓపెన్ టెన్త్ ఫారం మీరు నింపుతారా?" అబ్బాయికా అన్నా. "నాకే బాబూ. టెన్తు, తరవాత ఇంటరు, ఆపైన డిగ్రీ. మా సారే సెప్పారు, కాగితం ఉంటే ఎప్పుడికైనా పనికొస్తాదని." లెక్కేస్తే డిగ్రీ చేతికొచ్చేసరికి ఆయనకి యాభై దాటతాయి, ఏ నోటిఫికేషన్‌కైనా ఏజ్ లిమిట్ అయిపోద్ది, అయినా నాకు చాలా సంతోషమేసింది. ఇంటికి రమ్మన్నా. కడ్డీ సైకిల్‌కి కట్టుకుని వచ్చాడు. ఫారం నింపుతుంటే "ఈ సప్పుడు ఇనడం సంగతి ఎక్కడ రాద్దాం బాబూ" అని అడిగాడు.

రెండు పేజీలూ వెతికా. ఆ కాలమ్ లేదండి.