మూత్రసాక్షిగా

మధుమేహం ఉన్నా మందు మానని నా మిత్రుడొకరు ఇటీవల ఒక గొప్ప సిద్ధాంతాన్ని కనిపెట్టారు. రాత్రి తాగినవాడు ఉదయాన్నే మూత్రంలో చక్కెర పరీక్ష పట్టీ ముంచి, అర నిమిషం ఆగి, దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, రంగు మారలేదని తేలితే ఆ సాయంత్రం మళ్లీ సీసా మూత తీయవచ్చునట. అగ్నిసాక్షిగా చేసిన ప్రమాణాలకే దిక్కులేని లోకంలో మూత్రసాక్షికి ఇంతటి గౌరవం దక్కడం ముదావహం.

ఆ సాక్షి వంశచరిత్ర కూడా సామాన్యమైనది కాదు. మధుమేహమన్న పేరే మూత్రంలోని తీపిని బట్టి వచ్చింది. ఆ తీపి చక్కెరదేనని 1776లో మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని ఇగిర్చి మరీ చూపించారు. కాకపోతే ఆ సాక్షి నోరు విప్పడానికి కాస్త జాగు చేస్తుంది. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటేదాకా, మూత్రపిండాలు తాము వడగట్టిన చక్కెరను ఇంచుమించు మొత్తంగా మళ్లీ రక్తంలోకే లాగేసుకుంటాయి కనుక, 170 ఉన్నవారి మూత్రం కూడా సాధారణంగా కడిగిన ముత్యమే. డపాగ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకునే మరొక మిత్రుడు జన్మలో చుక్క ముట్టలేదు. చక్కెరను మూత్రంలోకి తోయడమే ఆ మాత్ర పని కనుక, ఈ న్యాయస్థానంలో దోషి ఆయనే.

"విస్కీలో చక్కెర ఎక్కడుంది?" అని మా సిద్ధాంతి అడుగుతారు. నిజమే, లేదు. అందులో కలుపుకునే కూల్‌డ్రింకు గురించి అడగడం మర్యాద కాదు.

అసలు చిక్కు చక్కెర పెరగడంలో కన్నా పడిపోవడంలో ఉంది. ఒంట్లో ఆల్కహాలు ఉన్నంతసేపు కాలేయం దాన్ని వదిలించుకునే పనిలో మునిగి, కొత్త గ్లూకోజు తయారీని తగ్గించేస్తుంది. దానికి ఖాళీ కడుపు, ఇన్సులినో, చక్కెరను తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రో తోడైతే, తాగిన కొన్ని గంటల తర్వాత కూడా చక్కెర ప్రమాదకరంగా దిగజారవచ్చు. పట్టీకి మాత్రం 120 అయినా 50 అయినా ఒకటే రంగు.

మొన్నొక విందులో మా సిద్ధాంతికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. "ఎక్కువైంది, పడుకోబెట్టండి" అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన భార్య ఒక్కరే ఆ తీర్మానాన్ని మన్నించక వేలు గుచ్చి చూస్తే గ్లూకోమీటరు 48 చూపించింది. పంచదార నీళ్లు తాగి తేరుకున్న ఆయన మొట్టమొదట అడిగింది పరీక్ష పట్టీనే. రంగు మారలేదు. దాన్ని ఆమె ముఖం ముందు ఆడిస్తూ "చెప్పానా?" అన్నారు.