అప్పు ఇచ్చాం, ఆ తర్వాత?

మహిళా సంఘాల సభ ఎక్కడ జరిగినా వేదిక మీద నిలువెత్తు చెక్కు ఒకటి కనిపిస్తుంది. ఇన్ని కోట్ల బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకు అప్పు, ఇచ్చామని నాయకులు చెబుతారు, ఫొటోలు దిగుతారు. నిరుడు ఇచ్చిన చెక్కుతో ఎన్ని వ్యాపారాలు మొదలయ్యాయి, అందులో ఎన్ని ఇంకా నడుస్తున్నాయి అన్న లెక్క మాత్రం ఏ సభలోనూ వినపడదు.

రుణాల విషయంలో మన సంఘాల చరిత్రకు వంక పెట్టలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం ఆ వెంటనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమమైంది. ఆ తర్వాత డ్వాక్రా, వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి, సంఘం మాత్రం నిలిచింది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో కోటిన్నర మంది దాకా సభ్యులున్నారు. హామీ అడగకుండా ఒక గ్రూపుకు 20 లక్షల వరకు ఇచ్చే వీలుంది. పెద్ద కంపెనీల బకాయిలతో తలపట్టుకునే బ్యాంకులకు ఈ ఖాతాలంటే టెన్షన్ లేదు.

అయినా వ్యాపారం ఎందుకు పెరగడం లేదు? 2013-14 నాటి ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో మహిళల యాజమాన్యంలోని సంస్థలు 14 శాతం లోపే. వాటిలోనూ వందకు ఎనభైకి పైగా చోట్ల జీతానికి పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు. అంటే యజమానీ ఆమే, కూలీ ఆమే. పక్కింటి అమ్మాయికి పని ఇచ్చే స్థాయికి ఆ వ్యాపారం చేరలేదు.

ఊళ్లో జరిగేది అందరికీ తెలిసిందే. గ్రూపుకు పది లక్షలు వస్తే పది మందీ సమానంగా పంచుకుంటారు. ఒకరు కాలేజీ ఫీజు కడతారు, ఒకరు గేదెను కొంటారు, ఇంకొకరు పాత వడ్డీ అప్పు తీరుస్తారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, అవసరాలు అలాంటివి. కానీ సంపాదన పెరగకుండా అప్పు మీద అప్పు పెరిగితే ఏమవుతుందో 2010లో చూశాం. మైక్రో ఫైనాన్స్ ఏజెంట్ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

పచ్చళ్లు బాగా పెట్టే ఒక మహిళ సంగతి చూడండి. వీధిలో అమ్మినంత కాలం ఇబ్బంది లేదు. పట్నంలో సూపర్ మార్కెట్‌కు వేయాలనుకున్న రోజున ప్రశ్నలన్నీ మొదలవుతాయి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, లేబుల్, నూనె కారని ప్యాకింగ్ అన్నీ ఉండాలి. సరుకు వేసిన రెండు నెలలకు గానీ డబ్బివ్వని షాపువాడితో ఎలా మాట్లాడాలి? అన్నిటికన్నా ముఖ్యం, ధర కట్టేటప్పుడు తన కూలిని కలపాలని ఆమెకు ఎవరు చెబుతారు? సంఘాలను చూసుకునే క్షేత్ర సిబ్బంది సీసీలకు, ఏపీఎంలకు వసూళ్ల లక్ష్యాలతోనే సరిపోతుంది. శిక్షణ కేంద్రం కొన్ని రోజులు నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడుతుంది. చిక్కులన్నీ ఆ తర్వాతే వస్తాయి.

నరసాపురం లేసు దీనికి పాత సాక్ష్యం. నూరేళ్లకు పైగా గోదావరి తీరపు ఆడవాళ్లు ఇంటి పని ముగించుకుని అల్లుతున్న ఆ లేసు విదేశాలకు పోతోంది. 2024లో ఆ ప్రాంతపు సరుకుగా భౌగోళిక గుర్తింపూ (జీఐ) దక్కింది. అయినా దారం ఇచ్చేది, సరుకు తీసుకెళ్లేది, రేటు చెప్పేది ఎక్కువగా మధ్యవర్తులే. చేతిలో అంత పనితనం ఉన్నా కొనేవాడి చిరునామా ఆమెకు తెలియదు.

దారి చూపేవాళ్లను బయట వెతకాల్సిన అవసరం మనకు లేదు. సంఘాలు పెట్టి పైకొచ్చిన మన మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా బిహార్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలకు వెళ్లారు. భాష సరిగా రాకపోయినా ఊళ్లలో రోజుల తరబడి ఉండి అక్కడి మహిళలతో గ్రూపులు కట్టించారు. అధికారి చెబితే విననివాళ్లు తమలాంటి మనిషి చెబితే విన్నారు. దేశానికి పొదుపు నేర్పిన ఈ పద్ధతిని సొంత ఊళ్లో వ్యాపారం నేర్పడానికి అంత పట్టుదలగా ఎందుకు వాడుకోలేదన్నదే మా ప్రశ్న. కేరళ ప్రభుత్వ మహిళా సంఘాల పథకం కుటుంబశ్రీ ఆ పని చేసింది. సంఘాల్లోని మహిళలకే లెక్కలు, మార్కెట్ నేర్పి సూక్ష్మ పరిశ్రమల సలహాదారులుగా తయారుచేసింది. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు వాళ్లు తోడుంటారు, ఆ సేవకు రుసుం తీసుకుంటారు. మహిళా వ్యాపారులకు తోడ్పడేందుకు హైదరాబాద్‌లో 2018లో మొదలైన ప్రభుత్వ సంస్థ వీ హబ్ మంచి ప్రయత్నమే. అయితే మారుమూల మండలంలో పిండిమర పెట్టుకున్న ఆమెకు రోజూ అందుబాటులో ఉండేది అలాంటి ఊరి సలహాదారే.

తెలంగాణలో స్కూలు యూనిఫాంల కుట్టు, ఆర్టీసీకి అద్దె బస్సులు, నారాయణపేటలో పెట్రోలు బంకు సంఘాల చేతికి రావడం స్వాగతించాల్సిందే. వచ్చే ఆదాయం ఆ ప్రాంతంలోనే తిరుగుతుంది, నలుగురికి పని దొరుకుతుంది. కాకపోతే ఇవన్నీ సర్కారు ఆర్డర్లు, సర్కారు ఒప్పందాలు. యూనిఫాం కుట్టిన చేతులు మిగతా ఎనిమిది నెలలు ఏం కుట్టాలో, ఎవరికి అమ్మాలో ఇప్పుడే ఆలోచించకపోతే ప్రభుత్వం మారిన రోజు మిషన్లు మూలన పడతాయి. ఇలాంటివి ఇదివరకు చాలానే చూశాం.

అందుకే ఊళ్లలోని సంఘాలన్నీ కలిసిన ప్రతి మండల సమాఖ్యలో, నాలుగైదేళ్లు సొంత వ్యాపారం నడిపిన ఇద్దరు ముగ్గురు మహిళలనైనా మార్గదర్శులుగా తీసుకోవాలి. వ్యాపారంలో నష్టపోయి నిలదొక్కుకున్నవారైతే మరీ మంచిది. కొత్త యూనిట్‌కు కనీసం రెండేళ్లు వాళ్లు తోడుండాలి. ఇది సేవాభావంతో చేసే పని అని చెప్పి చేతులు దులుపుకోకూడదు, ఆడవాళ్ల శ్రమను ఉచితంగా వాడుకోవడం మనకు అలవాటైపోయింది. నెలకు ఇంత అని గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. సమాఖ్యలకూ, సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధికీ వడ్డీ మీద వచ్చే ఆదాయంలో కొంత ఇందుకు కేటాయించవచ్చు, తక్కువైంది ప్రభుత్వాలు భరించాలి. వచ్చే వార్షిక రుణ ప్రణాళికలో వసూళ్ల శాతం పక్కనే, రెండేళ్ల తర్వాత నడుస్తున్న యూనిట్లెన్ని, వాటిలో జీతం తీసుకుంటున్నవారెందరు అన్న రెండు గడులు చేర్చి, ఆ అంకెలను మండలాల వారీగా బయటపెట్టాలి.