ఒప్పందంలో ‘మరే ఇతర’ ఎవరి కోసం?

ఏదైనా రుణ ఒప్పందంలో ఎగవేతగా పరిగణించే సందర్భాల పేజీ తీసి నిదానంగా చదవండి. వాయిదా తప్పడం, తాకట్టులో ఉన్న ఆస్తిని చెప్పకుండా అమ్మేయడం, దివాలా పిటిషన్ పడటం, దరఖాస్తులో తప్పుడు వివరాలు ఇవ్వడం వంటివి అక్కడ వరుసగా ఉంటాయి, వాటిలో దేనికీ పెద్దగా అభ్యంతరం చెప్పలేం. ఆ వరుస చివర మాత్రం ‘రుణదాత అభిప్రాయంలో చెల్లింపు సామర్థ్యాన్ని దెబ్బతీయగల మరే ఇతర పరిణామమైనా’ అన్న వాక్యం కనిపిస్తుంది. పైన రాసినవి జరిగాయో లేదో ఎవరైనా తేల్చగలరు. ఈ చివరిది జరిగిందో లేదో తేల్చే అధికారం మాత్రం అప్పిచ్చినవాడి ఒక్కడిదే. ఈ వాక్యం ఉన్నాక పై జాబితాతో ఆయనకు పనేముంది?

ఇలాంటి గంపగుత్త నిబంధనలు బీమా పాలసీల్లోనూ, ఉద్యోగ ఒప్పందాల్లోనూ, మొబైల్ యాప్‌ల షరతుల్లోనూ ఉంటాయి. ఒక పక్షం రాసి, రెండో పక్షం సంతకం మాత్రమే పెట్టే ఒప్పందాల్లో వీటిని చెల్లనివిగా ప్రకటించాలన్నది నా వాదన.

భవిష్యత్తులో జరగబోయేవన్నీ ఎవరూ ముందే రాయలేరని, పైగా కోర్టులు ఈ మాటలకు పగ్గం వేస్తూనే ఉన్నాయని న్యాయవాదులు అంటారు. అది నిజమే. జాబితా చివరి సాధారణ పదాలను ముందున్న వాటి కోవలోనే అర్థం చేసుకోవాలన్న ‘ఇజుస్డెమ్ జెనెరిస్’ సూత్రం, సందేహం వస్తే రాసినవాడికి వ్యతిరేకంగానే అర్థం చెప్పాలన్న ‘కాంట్రా ప్రొఫెరెంటెమ్’ సూత్రం చాలాకాలంగా అమల్లో ఉన్నాయి.

అయితే ఆ పగ్గం ఎవరికి అక్కరకు వచ్చిందో చూడాలి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బిజినెస్ జెట్ కొనుగోలు నుంచి తప్పుకోవాలనుకున్న ఒక సంస్థ, ఒప్పందంలోని ‘అమ్మకందారు నియంత్రణలో లేని మరే ఇతర కారణం’ అన్న మాటలను పట్టుకుని వాదించింది. 2010లో ఇంగ్లండ్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఫ్రెసీనియస్, ఏకార్న్ ఔషధ సంస్థల మధ్య దాదాపు 430 కోట్ల డాలర్ల విలీన ఒప్పందంలో రాసిన ‘గణనీయమైన ప్రతికూల ప్రభావం’ అంటే ఏమిటో 2018లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర కోర్టు తేల్చవలసి వచ్చింది. ఆ ఒక్క పదబంధానికి అర్థం కోసం నెలల తరబడి పోరాడగల స్తోమత ఆ కంపెనీలకు ఉంది. ఖాతా స్తంభించిన మనిషికి, క్లెయిమ్ తిరస్కరణ లేఖ అందుకున్న కుటుంబానికి అంత స్తోమత ఎక్కడిది? వాళ్ల విషయంలో నిబంధనకు చివరి వ్యాఖ్యాత న్యాయమూర్తి కాదు, ఆ లేఖ మీద సంతకం చేసిన అధికారే.

నన్ను ఎక్కువగా కలచివేసే సంగతి ఇంకొకటి ఉంది. 1926లో దొంగిలించిన విమానాన్ని ఇల్లినాయ్ నుంచి ఓక్లహోమాకు తరలించిన కేసులో మెక్‌బాయిల్ అనే వ్యక్తికి శిక్ష పడింది. మోటారు వాహనాల దొంగతనంపై ఉన్న చట్టం కార్లు, ట్రక్కులు, మోటారు సైకిళ్లను పేర్కొని, చివర ‘పట్టాల మీద నడవని, సొంత శక్తితో కదిలే మరే ఇతర వాహనమైనా’ అని చేర్చింది. 1931లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. గీత దాటితే చట్టం ఏం చేస్తుందో సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ముందే చెప్పాలని, ఆ మాటలు వింటే నేల మీద తిరిగే వాహనమే మనసులో మెదులుతుందని తీర్పు రాసిన జస్టిస్ హోమ్స్ తేల్చారు. విమానం దొంగతనం కేసులో నిందితుడికి దక్కిన ఆ ముందస్తు హెచ్చరిక హక్కు, వాయిదాలన్నీ సక్రమంగా కడుతున్న రుణగ్రహీతకు ఎందుకు దక్కదు? ఆయన సమ్మతితోనే సంతకం పెట్టాడు కదా అంటారు. ఏమి జరగవచ్చో రాయని చోట ఆయన దేనికి సమ్మతించినట్టు? అది తెల్లకాగితం మీద పెట్టిన సంతకంతో సమానం.

ఈ సమస్య కాంట్రాక్టుల దగ్గర ఆగదు. సంప్రదాయం ఏమిటో చెప్పే హక్కు పెద్దింటి న్యాయాధికారులకే ఉన్నంతకాలం తమకు న్యాయం జరగదని రోమ్ సామాన్యులు పట్టుబట్టాకే, క్రీ.పూ. 451-450లో పన్నెండు ఫలకాల మీద చట్టాలు రాశారని చరిత్ర చెబుతోంది. పాలించేవాడి మనసులో ఉన్నదాన్ని బయటికి తెచ్చి, అందరూ చదవగలిగే చోట పెట్టడం కోసమే రాతకు అంత విలువ వచ్చింది. ‘అభిప్రాయంలో’, ‘మరే ఇతర’, ‘వీటికే పరిమితం కాకుండా’ అన్న పదాలు ఆ నిర్ణయాన్ని మళ్లీ రాసినవాడి మనసులోకే చేరుస్తున్నాయి. చట్టసభలు కూడా ‘ప్రభుత్వం నిర్దేశించే ఇతర విషయాలు’ అని రాసి చేతులు దులుపుకోవడం ఈ జబ్బే. ముందుగా ఆలోచించే తీరిక, న్యాయ నిపుణులు, పాత వివాదాల రికార్డు అన్నీ ఉన్న పక్షం ఆలోచించే శ్రమ మానేసి, ఆ లోటు తెచ్చే నష్టాన్ని ఇవేవీ లేని పక్షం మీదికి నెట్టేస్తోంది.

ఐరోపా 1993లో తెచ్చిన వినియోగదారుల ఒప్పందాల ఆదేశం, సరైన కారణం చూపకుండా షరతులను ఏకపక్షంగా మార్చుకునే నిబంధనలను అన్యాయమైనవిగా పరిగణించదగ్గ వాటి జాబితాలో చేర్చింది. అయితే ఆ జాబితా సూచన మాత్రమే. దానిని నిషేధంగా మార్చాలి. రాసిన పక్షం మరచిపోయిన సందర్భం ఎదురైతే ఆ నష్టాన్ని తానే భరించాలి. కొత్త సందర్భాన్ని చేర్చాలనుకుంటే, దాన్ని పేరు పెట్టి రాసి, రెండో పక్షం సంతకం మళ్లీ అడగాలి.