కొండారెడ్డి బురుజు నుంచి గద్వాలకు సొరంగమా?

"కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి గద్వాల కోటకు 52 కిలోమీటర్ల సొరంగం ఉంది, కృష్ణా తుంగభద్రల అడుగున పోతుంది, విజయనగర రాజులు తవ్వించారు." వాట్సాప్‌లో తెగ తిరిగే మెసేజ్ ఇది. కొందరైతే దాన్ని కొండ మీది బురుజు కూడా చేసేశారు. అక్కడ కొండా లేదు, గుట్టా లేదు. ఊరి నడుమ మిగిలిన కోట బురుజు. కొండారెడ్డి మనిషి పేరు.

ముందు నదుల సంగతి. గద్వాల ఉన్నది నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ మధ్యన. కర్నూలు నుంచి పోతే అడ్డమొచ్చేది తుంగభద్ర ఒక్కటే. కృష్ణ గద్వాలకు ఆవల పారుతుంది.

కర్నూలు కోట విజయనగర రాజు అచ్యుతరాయల నాటిదంటారు. ఆయన ఏలుబడి 1529 నుంచి 1542 దాకా. గద్వాల కోటను అక్కడి పాలకుడు సోమనాద్రి కట్టించింది 18వ శతాబ్దం మొదట్లో. అప్పటికింకా లేని కోటకు దారి తవ్వించారన్నమాట!

తవ్వకానికొద్దాం. గద్వాల వైపు నేల ఎక్కువగా గ్రానైటు. మందు పెట్టి రాయి పేల్చి సొరంగం తవ్వే పని అప్పటికి మొదలుకాలేదు. ఉన్నవి ఉలి, సమ్మెట. రెండు కొసల నుంచీ రోజుకు మూరెడు చొప్పున, ఒక్కరోజూ ఆగకుండా తొలిచినా 155 ఏళ్లు పడుతుంది. మూరెడు కూడా దయతలచి వేసిన లెక్కే. మనిషి పట్టేంత, మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అనుకున్నా బయటికొచ్చే రాయి లక్ష ఘనపు మీటర్ల పైమాట. ఆ గుట్ట ఎక్కడ పోశారు? గాలికి మధ్యమధ్యలో బావుల్లాంటి గుంతలూ దించాలి. లేకపోతే 13 గంటల నడకలో దివిటీ ముందు ఆరుతుంది, ఆ వెనకే మనిషి.

అసలు చిక్కు నీళ్లది. గద్వాల మెరక, కర్నూలు పల్లం, నది అడుగు ఇంకా పల్లం. రాతి నెర్రెల్లోంచి ఊరే నీరంతా జారి నది కిందికే చేరుతుంది. మోటారు లేని రోజుల్లో ఆ లోతు నుంచి రాత్రీపగలూ ఎవరు తోడాలి? 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊరి మీదే పడింది. అలాంటి వరద ఒక్కటి చాలు, సొరంగం నిండి అలాగే నిలిచిపోవడానికి.

"మరి బురుజు దగ్గర మూసేసిన ఆ సొరంగం నోరు ఏంటి?" అంటారు. కోటల్లో సరుకు దాచే నేలమాళిగలుంటాయి, ముట్టడిలో జారుకోవడానికి దొంగదారులుంటాయి. తుంగభద్ర గట్టుకు దిగే పొట్టిదారి అంటే నమ్మొచ్చు. గద్వాల అంటేనే గొంతు దిగదు.