సముద్రంలో కలిసే నీరు వృథా కాదు: సెయింట్ లూసియా సరస్సు సాక్ష్యం

ఆఫ్రికా సఫారీకి బయలుదేరే తెలుగువారి ప్రయాణంలో మసాయి మారా, క్రూగర్ తప్పనిసరిగా ఉంటాయి. సింహం, ఏనుగు, చిరుత, ఖడ్గమృగం, అడవి దున్న కంటబడితే యాత్ర ఫలించిందని తృప్తిపడి తిరిగి వస్తారు. దక్షిణాఫ్రికా దాకా వెళ్ళగలిగినవారు డర్బన్‌కు ఉత్తరాన, హిందూ మహాసముద్రపు ఒడ్డున విస్తరించిన ఇసిమంగలిసో చిత్తడి నేలల ఉద్యానానికి కనీసం మూడు రోజులు కేటాయించాలని నేను గట్టిగా కోరుతున్నాను. పెద్ద జంతువులు అక్కడా ఉన్నాయి. అయితే అక్కడి సెయింట్ లూసియా సరస్సులోని ప్రాణికోటికి ఆధారం ఒక ఇసుక మొగ, అంటే నదీజలం కడలితో కలిసే చోటు. ఆ మొగ కథ తెలిసినవారు, మన నదుల నీరు ‘వృథాగా సముద్రం పాలవుతోంది’ అనే మాట విని ఊరుకోలేరు.

ఇసిమంగలిసో అంటే జులూ భాషలో అద్భుతం. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ ఉద్యానం మొజాంబిక్ సరిహద్దు వరకు సుమారు 220 కిలోమీటర్ల తీరం వెంట సాగుతుంది. సోద్వానా బే పగడపు దిబ్బలు, వాటి సమీపంలోని కడలి లోయలో 2000లో నూరు మీటర్లు దాటిన లోతున గజ ఈతగాళ్ళకు కనిపించిన ప్రాచీన మత్స్యం సీలకాంత్, నవంబరు రాత్రుల్లో గుడ్లు పెట్టడానికి ఇసుకపైకి వచ్చే లెదర్‌బ్యాక్, లాగర్‌హెడ్ తాబేళ్ళు, వాటిని 1963 నుంచి కాపాడుతూ లెక్కిస్తున్న వారి ఓపిక, ఒక్కొక్కటీ ఒక్కో వ్యాసానికి తగినవే. వాటి గురించి ప్రయాణ సంస్థలు ఎలాగూ చెబుతాయి. అవి చెప్పనిది సెయింట్ లూసియా సరస్సు పడిన యాతన.

దాదాపు 350 చదరపు కిలోమీటర్ల ఆ సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే, అంటే నిలబడిన మనిషికి మొలలోతు. వందలాది నీటిగుర్రాలు, మొసళ్ళు, సముద్రం నుంచి వచ్చే జాంబెజి సొరచేపలు ఒకే నీటిని పంచుకునే చోటు ప్రపంచంలో బహు అరుదు. చీకటి పడ్డాక నీటిగుర్రాలు పక్కనే ఉన్న ఊరి వీధుల్లోకి వచ్చి గడ్డి మేస్తాయి. ఇంత పలుచని నీటిపొరను ఎండ సులువుగా పీల్చివేస్తుంది కాబట్టి, నదులు తెచ్చే మంచినీరే దానికి ప్రాణాధారం. ఆ నదులలో పెద్దది ఉమ్‌ఫొలోజి.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ నది దిగువన ఉన్న చిత్తడి నేలను ఎండగట్టి చెరకు వేశారు, వంకలు తిరిగే నదిని తిన్నని కాలువగా మార్చారు. అంతవరకు ఆ రెల్లు, తుంగ ఒండ్రును వడగట్టి నీటిని మాత్రమే కిందికి వదిలేవి. వడగట్టే నేల పోయాక ఒండ్రంతా నేరుగా మొగలోకి చేరింది. సరస్సు పూడిపోతుందన్న భయంతో 1952లో ఉమ్‌ఫొలోజిని సరస్సు నుంచి పూర్తిగా వేరుచేసి, దానికి విడిగా సముద్రంలోకి దారి చేశారు. రోగం చిత్తడి నేలను ఎండగట్టడంలో ఉంటే చికిత్స నదిని తెగ్గొట్టడంతో చేశారు. ఆ తరువాత దశాబ్దాల పాటు డ్రెడ్జర్లతో ఇసుక తోడుతూ సరస్సు మొగను తెరిచి ఉంచవలసి వచ్చింది.

2002లో కరవు మొదలై మొగ మూసుకుపోయింది. నది రాదు, సముద్రం రాదు. 2006 నాటికి సరస్సు అడుగు దాదాపు తొంభై శాతం బయటపడింది. 2007 మార్చిలో తుఫాను అలలు ఇసుక గట్టును తెంచి లోపలికి నింపింది ఉప్పునీటినే, పైగా కొద్ది నెలల్లోనే మొగ మళ్ళీ పూడింది. నష్టం సరస్సుతో ఆగలేదు. సముద్రంలో గుడ్ల నుంచి వెలువడిన రొయ్య పిల్లలు పెరగడానికి చేరే మడుగు అదే కావడంతో, దక్షిణాన తుగెలా నది కడలిలో కలిసే తీరపు రొయ్యల వేట కుప్పకూలింది. చివరకు 2012లో నదిని సరస్సుతో మళ్ళీ కలిపే పని చేపట్టారు. భూగర్భ జలాన్ని పీల్చే పైన్ తోటలను తొలగించారు. అంతకుముందే 1996లో మండేలా ప్రభుత్వం అక్కడి ఇసుక దిబ్బల్లో టైటానియం తవ్వకాన్ని నిరాకరించింది. ఆ నిరాకరణ లేకపోతే బాగుచేయడానికి సరస్సే మిగిలేది కాదని నా నమ్మకం.

చెరకు రైతుల బాధ నిజమైనదే. మొగ మూసుకున్నప్పుడు వెనక్కి తన్నిన నీరు పొలాలను ముంచుతుంది, చేపలు పట్టేవారికీ పర్యాటకం మీద బతికేవారికీ తెరిచిన మొగే కావాలి. అయితే ఆ పొలాలున్నది నది తన వరదను పరుచుకునే చోటే. అక్కడి నష్టానికి పరిహారం ఇవ్వవచ్చు, వేరే ఉపాధి చూపవచ్చు. ఎండిన సరస్సుకు అలాంటి ప్రత్యామ్నాయం లేదు. 2021 జనవరిలో యంత్రాలతో మొగను తెరిచినప్పుడు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పింది కూడా అందుకే: నది తన వేళకు తన బలంతో తెరుచుకోవలసిన తలుపు అది.

డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి వారసులు నేటికీ డర్బన్ పరిసరాల్లో ఉన్నారు. ఆ బంధుత్వం కంటే దగ్గరైనది నీటి విషయంలో మన ఆలోచన. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ ఇన్ని వందల టీఎంసీలు సముద్రం పాలయ్యాయని పత్రికలు రాస్తాయి, పార్టీలు ఒకదానినొకటి నిందించుకుంటాయి. ఆ ఎర్రనీరు కడలిలో కలిసినందువల్లనే విలస చేప ఏటికి ఎదురీది పులసగా మారుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలని చెప్పుకునే చేపను తెచ్చే నీటిని వృథా అనడం ఏ లెక్క? కోరింగ మడ అడవులు నిలిచింది గోదావరి మంచినీరు, ఒండ్రు అందుతున్నందువల్లనే. కృష్ణ ప్రకాశం బ్యారేజీ దాటి పారని నెలల్లో దివిసీమ బావుల్లోకి ఉప్పు ఎందుకు ఎక్కుతోందో అక్కడి రైతును అడిగితే తెలుస్తుంది. సాగునీరు అవసరమే, ఆనకట్టలూ అవసరమే. కానీ నీటి పంపకాల చర్చలో సముద్రానికి, మడ అడవికి, చేపకు కూడా ఒక వాటా రాసిపెట్టనంత కాలం మన లెక్క తప్పే.

ఇసిమంగలిసోకు వెళ్ళేవారు సెయింట్ లూసియా ఊళ్ళో సాయంత్రపు పడవ ఎక్కాలి. నీటిగుర్రాల గుంపు దగ్గర పడవ ఆగినప్పుడు ఫొటోలు తీసుకున్నాక, నడిపేవారిని రెండు ప్రశ్నలు అడగాలి: ఈ ఏడు మొగ తెరిచి ఉందా, ఉమ్‌ఫొలోజి నీరు సరస్సులోకి వస్తోందా? ఆ ఏడాది తుగెలా తీరానికి రొయ్యలు ఏ మాత్రం చేరతాయో ఆ జవాబుల్లోనే తెలుస్తుంది.